రెండు మాత్రల ఖాళీ

వాట్‌గంజ్, కలకత్తా
7 ఆగస్టు 1960

ప్రియమైన అప్పకు,

తమ్ముడు యెషయా వందనాలు. ఉత్తరాల్లో అప్ప అని కాదు, అక్క అని రాయాలని కిందటిసారి ఎర్ర పెన్సిల్‌తో దిద్ది పంపావు. నా వల్ల కాదు. ఇక్కడి సంత్రాగాఛి రైల్వే క్వార్టర్సులో పుట్టినవాడికి తోడబుట్టిన పెద్దది అప్పే. భీమునిపట్నం బడిలో నువ్వు తెలుగు పంతులమ్మవైతే అయ్యావు, నాకు మాత్రం తల దువ్విన అప్పవే.

కబురేమిటంటే, మా నాట్యబృందం పెద్ద గోపీనాథ్ దా నిన్న నన్ను పిలిచి అరగంట ఆట కట్టమన్నాడు. నా సొంతది. ఫిబ్రవరిలో చౌరంగీ దగ్గర హాల్లో ప్రదర్శన. ఆరేళ్ళయింది నేను ఇక్కడ చేరి. మూడేళ్ళు తెరలు లాగాను. తరవాత వెనక వరసలో నెమలినయ్యాను, వేటగాణ్ణయ్యాను, ఒకసారి మర్రిమాను కూడా అయ్యాను, నువ్వు నవ్వుకో. ఇక మీదట ఒకరు చెప్పింది ఆడేవాణ్ణి కాదు, పదిమంది చేత ఆడించేవాణ్ణి. మొదటి అడుగు నుంచి ఆఖరి అడుగు దాకా నా సొంత బలే.

నాన్నతో చెప్పు. చెప్పాలని ఉంది, భయంగానూ ఉంది. యార్డులో నాకు ఖలాసీ కూలిపని ఇప్పించడానికి, పట్టాలు జరిపే గ్యాంగుకు మేటై పద్దెనిమిది మందిని నడిపిన ఆయన ఇన్‌స్పెక్టరు గుమ్మం ముందు ఒక పూటంతా నిలబడ్డాడు. ఎనిమిది నెలలకే నేను దాన్ని వదిలేసి ఆటలోకి వచ్చాను. బైబిల్లో దావీదు మహారాజు దేవుని మందసం ముందర నాట్యమాడలేదా అని నేనంటే, "ఆడు రాజురా. మనం గ్యాంగు" అన్నాడు. అదే నాతో ఆయన ఆఖరి మాట. తరవాత రిటైరై నీ దగ్గరికి వచ్చేశాడు. ఇప్పటికైనా ఏమంటాడో రాయి.

నీ తమ్ముడు
యెషయా

*

భీమునిపట్నం
19 ఆగస్టు 1960

ప్రభువునందు ప్రియ తమ్ముడు యెషయాకు,

నీ ఉత్తరంలో పదిహేడు తప్పులున్నాయి. దిద్ది దీనితో పంపుతున్నాను, దాచుకో. బెంగాలీ బళ్ళో చదివినవాడివి కదా అని పదహారు క్షమించాను. పదిహేడోది క్షమించను. నువ్వు చేసేది 'బలే' కాదురా, 'బాలే'. బాలే అంటే నాట్యంతో కథ ఆడడమట, బలే అంటే మెచ్చుకోలు. "నా సొంత బలే" అని రాస్తే నీ వీపు నువ్వే తట్టుకున్నట్టు ఉంటుంది. తట్టుకోవాలని ఉంటే తట్టుకో, గుణింతం మాత్రం సరిగ్గా రాయి.

అలా అన్నానని చిన్నబుచ్చుకోకు. ఉత్తరం అందిన పూటే మా హెడ్‌మిస్ట్రెస్ గారికి చెప్పాను, మా తమ్ముడు కలకత్తాలో సొంతంగా బాలే కడుతున్నాడని. ఆవిడకు అదేమిటో తెలియదు, నాకూ సగమే తెలుసు. అయినా ఆ రోజంతా నా నడక వేరుగా ఉందని పిల్లలు నవ్వుకున్నారు.

నాన్నకు చదివి వినిపించాను. రెండుసార్లు విన్నాడు. ఆయన మాట్లాడడం లేదు. ఇంతకంటే ఏం రాయను.

ప్రార్థన మానకు. పళ్ళెంలో అన్నం చేపతోనే కాదు, కాస్త కూరతోనూ తిను.

నీ అక్క
డోర్కాస్

*

వాట్‌గంజ్
26 సెప్టెంబరు 1960

ప్రియమైన అప్పకు,

నాన్న మాట్లాడడం లేదంటే నాకు ఆశ్చర్యమేం లేదు. ఆరేళ్ళ మౌనం, ఇంకో ఆరు నెలలు. నా పని నేను చేస్తున్నాను.

ఎలా చేస్తున్నావని అడగలేదు గానీ, నీకు చెప్పాలని ఉంది. మొదటి రోజు పదిమంది చేతా గజ్జెలు విప్పించాను. సంత్రాగాఛి యార్డులో పారేసిన పట్టాల కింది పాత స్లీపరు దుంగ ఒకటి బండి మీద తెప్పించి, రిహార్సల్ గది మధ్యలో వేసి, ఎత్తమన్నాను. మా బృందంలో భానుమతి అని ఉంది, మంచి నర్తకి, వాట్‌గంజ్ ఓడల డాకులో బస్తాలు మోసే మనవాళ్ళ పిల్ల. నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"ఏటి దాదా, ఇది ఆటా, కూలిపనా? మా అయ్య మోసి మోసి నన్నిటంపితే, నువ్వు మళ్ళీ మోయిస్తన్నావు."

వారం రోజులు మోయించాను. అందరి భుజాలూ కమిలిపోయాయి. ఎనిమిదో రోజు దుంగను బయట పారేయించి, ఇప్పుడు ఎత్తండి అన్నాను. అప్పా, దుంగ లేదు. కానీ భానుమతి మోకాళ్ళు దాన్ని మరిచిపోలేదు. నడుం ఎక్కడ వంగాలో అక్కడే వంగింది, మెడ మీద నరం లేచింది. నేను నమ్మేది ఇదే. అందంగా చెయ్యి తిప్పడం ఎవరైనా నేర్పుతారు. బరువు తెలిసిన ఒంట్లో ఒక అందం ఉంది, అది తిప్పితే రాదు. మన ఇళ్ళల్లో రోజూ చూశాను కాబట్టి నాకు తెలుసు.

గోపీనాథ్ దా గుమ్మంలో నిలబడి చూశాడు. "భాలో, భాలో. కానీ ఏమెత్తుతున్నారు? కృష్ణుడు గోవర్ధనం ఎత్తినట్టు పెట్టు. జనానికి తెలిసిన కథ, టికెట్లు అమ్ముడుపోతాయి" అన్నాడు. చూద్దాం దాదా అన్నాను.

కథేమిటని నువ్వూ అడుగుతావు. ఇప్పుడే చెప్పను.

యెషయా

*

భీమునిపట్నం
21 అక్టోబరు 1960

తమ్ముడు యెషయాకు,

నువ్వు చెప్పకపోతే నాకు తెలియదనుకున్నావా? నాన్న తరవాత మేటు అయిన అప్పలసూరి బాబాయి భార్య జగ్గమ్మ ఇక్కడికి పెళ్ళికి వచ్చింది. మా ఇంట్లో కాఫీ తాగుతూ ఊరికే అంది, "మీ యెషయా యార్డులో పట్టాల పక్కన కూకుని మా ఆయన గ్యాంగునే సూత్తాడమ్మా, పుస్తకంలో బొమ్మలేసుకుంతాడు" అని. నాన్న పలకరింపుకు రాకుండా పక్క గదిలోనే కూర్చున్నాడు. విన్నాడు. కప్పు కింద పెట్టి, తువ్వాలు భుజాన వేసుకుని, సముద్రం ఒడ్డుకు వెళ్ళిపోయాడు. పొద్దు గుంకేదాకా రాలేదు.

నాకు కోపం వచ్చింది, దాచను. ముప్ఫయి ఒక్క సంవత్సరాలు ఆ మనిషి ఎండలో వంగాడు. ఆయన కేక వేస్తే పద్దెనిమిది మంది ఒక్క మనిషిలా పట్టాను జరిపేవారు. యార్డులో దొరలు కూడా ఆగి వినేవారు. అది ఆయన పరువు. దాన్ని తీసుకెళ్ళి రంగు దీపాల కింద పెడితే, కుర్చీల్లో కూర్చున్నవాళ్ళు నాన్న వంగడం చూసి నవ్వితే ఏం చేస్తావు? ఆయన నిన్ను ఎప్పటికీ క్షమించడు. నేనూ క్షమించను.

నవ్వరని నీకు నమ్మకం ఉంటే రాయి. లేకపోతే గోవర్ధనమే ఎత్తుకో.

డోర్కాస్

*

వాట్‌గంజ్
14 నవంబరు 1960

ప్రియమైన అప్పకు,

నమ్మకం లేదు. అందుకే ఇన్నాళ్ళూ చెప్పలేదు.

నిజం రాస్తున్నాను. ఆట నాన్నదే. పదిమంది గ్యాంగు, వంకర పోయిన పట్టా, ఎండ. పట్టా కింద గునపాలు దూర్చి, మేటు కేకకు అందరూ ఒక్కసారి ఎత్తి జరపడం. అంతే కథ. నా ఆరేళ్ళ నెమళ్ళూ వేటగాళ్ళూ దీని కోసమే అనిపిస్తుంది. దీన్ని చూసి ఎవరూ నవ్వకూడదు, లేచి నిలబడాలి.

కానీ కుదరడం లేదు. ఒంట్లో బరువు వచ్చింది, వంపు వచ్చింది, ఎత్తే క్షణం మాత్రం దొంగలా ఉంది. నాన్న కేక నాకు గుర్తున్నంత వరకు ఇది. "ఔనొరే" గ్యాంగుది, ఆఖరి "గట్టిదే" మాత్రం మేటు చెయ్యి దించి అంటే గ్యాంగు అందుకుంటుంది:

ఎండ గట్టిదే – ఔనొరే
రాయి గట్టిదే – ఔనొరే
మన చెయ్యో – గట్టిదే

"గట్టిదే" అన్నప్పుడు ఎత్తిస్తున్నాను. మూడో వరస పొట్టిగా ఉందని, లెక్క సరిపోవడానికి "చెయ్యోఓఓ" అని సాగదియ్యమని తబలా ఆయన చెప్పాడు. సాగదీశాం. లెక్క సరిపోయింది, ప్రాణం పోయింది. మొన్న చూసినవాళ్ళలో ఒకతను నిజంగానే నవ్వాడు. భానుమతి కూడా అంది, "ఎక్కడో అబద్ధం ఉంది దాదా, నడుం ఒప్పుకోట్లేదు" అని.

అప్పలసూరి బాబాయిని అడిగాను. ఇప్పుడు జాకీలు వచ్చాయట, ఈల ఊదితే చాలట. "మీ అయ్య కేక మీ అయ్యదేరా. మాకు ఇనడమే తెలుసు, ఎయ్యడం తెలీదు" అన్నాడు.

గోపీనాథ్ దా క్రిస్మస్ దాకా గడువు ఇచ్చాడు. అప్పటికీ కుదరకపోతే గోవర్ధనం, అదీ ఆయన కట్టించేది. నా పేరు ఉండదు.

అప్పా, నా కోసం ఒక్కసారి అడుగు. నాతో మాట్లాడక్కర్లేదు. ఒక్కసారి నీ ముందు ఆ కేక వెయ్యమను. నువ్వు విని, ఎలా వేశాడో రాస్తే చాలు.

యెషయా

*

భీమునిపట్నం
5 డిసెంబరు 1960

ప్రియమైన యెషయాకు,

ఈ ఉత్తరం కూర్చుని చదువు.

నాన్న మాట్లాడడం లేదని రాశాను. నువ్వు కోపమనుకున్నావు, అనుకోనిచ్చాను. కోపం కాదురా. కిందటి మే నెలలో గొంతులో పుండు లేచింది. విశాఖపట్నంలో ఆపరేషన్ చేశారు. ప్రాణం దక్కింది, గొంతు పోయింది. ఇప్పుడు పెదాల మీద గాలి వస్తుంది, శబ్దం రాదు. చెవి దగ్గర పెడితే ఒకటో రెండో మాటలు తెలుస్తాయి. నీకు రాయొద్దని నా చెయ్యి పట్టుకుని బైబిలు మీద పెట్టించాడు. నీకు తెలిస్తే సంత్రాగాఛికి తెలుస్తుంది, మేటు గొంతు పోయిందని గ్యాంగుకు తెలియడం ఆయనకు చావుతో సమానం. ఈ వేళ ఆయనే రాయమన్నాడు కాబట్టి రాస్తున్నాను.

నీ ఉత్తరం చదివాను. "చెయ్యోఓఓ" అని నువ్వు రాసినట్టే సాగదీసి చదివాను. నాన్న నుదురు కొట్టుకున్నాడు. లేచి పెరట్లోకి వెళ్ళి, గునపం తెచ్చి రోలు కింద దూర్చి, నా చేతికిచ్చాడు. నలభై దగ్గర పడుతున్న పంతులమ్మను, కొంగు బిగించాను. ఆయన పెదాలు కదిలిస్తుంటే నేను పైకి పాడాను. "గట్టిదే" అన్నప్పుడు ఎత్తాను. రోలు కదల్లేదు. తల అడ్డంగా ఊపాడు. "చెయ్యో" దగ్గర ఎత్తాను. గునపం జారింది. మళ్ళీ అడ్డంగానే ఊపాడు. మూడోసారి నా వెనక నిలబడి, అరచెయ్యి నా వీపు మీద ఆనించాడు. "మన చెయ్యో" అని నేను ఆపగానే, నా ఊపిరి లోపలికి వెళ్ళేదాకా చూసి, వీపు మీద చిన్నగా తట్టాడు. ఎత్తాను. రోలు జానెడు జరిగింది. ఆ తరవాత "గట్టిదే" అని నా నోటి నుంచి దానంతటదే వచ్చింది.

అర్థమైందా? ఆ మాట మీద ఎత్తరు. దానికి ముందున్న ఖాళీలో ఎత్తుతారు. పని అయ్యాకే మాట.

నేను తెలుగు పంతులమ్మను కాబట్టి ఊరుకోలేక గురులఘువులు వేశాను. లఘువుకు నిలువు గీత, ఒక చిటిక సేపు, అదే ఒక మాత్ర. గురువుకు గిన్నెలాంటి గుర్తు, రెండు చిటికలు.

ఎండ గట్టిదే – U I U I U
రాయి గట్టిదే – U I U I U
మన చెయ్యో – I I U U

చిటికలు లెక్కపెట్టు. మొదటి రెండింటికీ ఎనిమిదేసి మాత్రలు. మూడోదానికి ఆరే. రెండు మాత్రలు ఖాళీ. మీ తబలా ఆయన తప్పని పూడ్చేసింది దాన్నే. ఏ చదువూ లేని మన నాన్న ముప్ఫయి ఒక్క సంవత్సరాలు ఆ రెండు మాత్రలను ఎవరినీ ముట్టుకోనివ్వకుండా కాపాడాడు. పద్దెనిమిది మంది ఊపిరి పట్టే చోటు అది. ఇరవై ఏళ్ళుగా పిల్లలకు ఛందస్సు చెబుతున్నాను, మా ఇంట్లో ఉన్న ఛందస్సు నాకు ఈ వేళ తెలిసింది. వంటింట్లోకి వెళ్ళి ఏడ్చాను. దుఃఖం కాదు, గర్వం.

నాన్న నీకు చెప్పమన్న మాట, చెవి పెట్టి విన్నది విన్నట్టు: "సాగదియ్యొద్దను."

నీ అక్క
డోర్కాస్

*

వాట్‌గంజ్
2 జనవరి 1961

అప్పా,

నీ ఉత్తరం అందిన రోజు రిహార్సలుకు వెళ్ళలేదు. వాట్‌గంజ్ ఘాట్ మెట్ల మీద కూర్చున్నాను. నాలుగు నెలలుగా ఆయన మీద కోపం పెంచుకుంటూ, ఆయన గొంతు కోసం యార్డంతా తిరుగుతున్నాను. నువ్వు దాచినందుకు నిన్ను తిట్టాలనుకున్నాను. తిట్టు తెలుగులో సరిగ్గా రాయడం రాక మానేశాను.

మర్నాడు నీ గురులఘువులను గోడ మీద సుద్దతో రాశాను. బెంగాలీ పిల్లలు కూడా చిటికలు వేసి నేర్చుకున్నారు. తబలా ఆయన్ని ఆ చోట చేతులు ఒళ్ళో పెట్టుకోమన్నాను. ఆయనకు కోపం వచ్చింది. "మన చెయ్యో" తరవాత పదిమందీ ఊపిరి తీసుకున్నారు, ఆ చప్పుడు వినిపించింది. ఎత్తారు. అప్పా, లేని పట్టా కదిలింది. నేను చూశాను. గోపీనాథ్ దా గుమ్మం దాటి లోపలికి వచ్చాడు. తరవాత తబలా ఆయన్ని చూసి, "మీరు ఈ అరగంటలో వాయించకపోవడమే గొప్ప వాయింపు" అన్నాడు. గోవర్ధనం మాట మళ్ళీ ఎత్తలేదు.

ఇక నుంచి నా పని పద్ధతి ఇదే అనుకుంటున్నాను. తాళం లెక్కపెట్టి అడుగు వెయ్యడం కాదు, ఊపిరి లెక్కపెట్టి వెయ్యడం. చాకిరేవూ, డాకూ, చీపురు పట్టి వీధులు ఊడ్చే మన మునిసిపాలిటీ వాళ్ళూ, అన్నిచోట్లా ఒక ఖాళీ ఉండే ఉంటుంది. వెతుకుతాను.

ప్రదర్శన ఫిబ్రవరి 18, శనివారం. నాన్ననూ నిన్నూ రమ్మంటున్నాను. మొన్న ఇక్కడికి వచ్చి గోడ మీది మాత్రలు చూసి వెళ్ళిన అప్పలసూరి బాబాయితో కలిపి పాత గ్యాంగులో ఎనిమిదిమంది వస్తామన్నారు. నాన్న గొంతు గురించి నేను ఎవరికీ చెప్పలేదు.

యెషయా

*

భీమునిపట్నం
20 జనవరి 1961

తమ్ముడూ,

గ్యాంగు వస్తుందని చదవగానే నాన్న గోడ వైపు తిరిగి పడుకున్నాడు. రాడట. "మేటు అని పిలిచి పలకరిస్తారు, నానేటి సెప్పాలి" అని. నేనొక్కదాన్నీ ఆయన్ని వదిలి రాలేను. నీ ఆట బాగా జరగాలని ఇక్కడ సంఘంలో ప్రార్థన పెట్టిస్తాను. బాలే కోసం ప్రార్థన ఏమిటని పాస్టరుగారు అడిగితే దావీదును చూపిస్తాను.

డోర్కాస్

*

వాట్‌గంజ్
27 జనవరి 1961

అప్పా,

ఇది నాన్నకు చదివి వినిపించు.

నాన్నా, ఆటలో ఆఖరి కేక మార్చాను. "ఎండ గట్టిదే" అంటారు, "రాయి గట్టిదే" అంటారు, "మన చెయ్యో" అంటారు, ఎత్తుతారు. తరవాత "గట్టిదే" అని ఎవరూ అనరు. ఆ మాట అనే హక్కు వేదిక మీద ఎవరికీ లేదు, నాకూ లేదు. అది మేటుది. గొంతు ఉన్నా లేకపోయినా మేటుదే. నువ్వు రాకపోతే ఆ చోటు ఖాళీగానే ఉంటుంది, ఇంకొకరితో పూడ్చను. సాగదియ్యొద్దన్నావు కదా, సాగదియ్యను.

యెషయా

*

భీమునిపట్నం
26 ఫిబ్రవరి 1961

ప్రభువునందు ప్రియ తమ్ముడు యెషయాకు,

క్షేమంగా చేరాం. రైల్లో నాన్న పడుకోలేదు. కిటికీ దగ్గర కూర్చుని, పట్టాల మీద చక్రం చప్పుడు మారిన ప్రతిచోటా తల ఊపుతూ వచ్చాడు.

అక్కడ నాలుగు రోజులున్నా నీతో ఇది చెప్పలేకపోయాను. నాన్న ఎదురుగా ఉన్నాడు, నువ్వేమో పలకరించే జనంలో మునిగావు. ఆ సాయంత్రం నువ్వు తెర పక్కన నిలబడ్డావు. నీకు వేదిక కనబడింది, హాలు కనబడలేదు. నేను చూసింది రాస్తున్నాను.

గ్యాంగు మూడో వరసలో కూర్చుంది. బొత్తాలు మెడదాకా పెట్టుకుని, చర్చిలో ఉన్నట్టు చేతులు కట్టుకుని. మేము ఆలస్యంగా వెళ్ళి రెండో వరసలో, వాళ్ళకు ముందు కూర్చున్నాం. అప్పలసూరి బాబాయి నాన్న భుజం మీద చెయ్యి వేసి "మేటూ" అన్నాడు. నాన్న వెనక్కి తిరగలేదు. చెయ్యి ఎత్తి ఆ చేతి మీద పెట్టాడు, అంతే. అప్పుడే దీపాలు ఆరాయి.

ఎవరూ నవ్వలేదురా. నేను ముందంతా వేదిక చూడలేదు, జనం మొహాలే చూశాను, ఎవరైనా నవ్వితే లేచి అడుగుదామని. పట్టుచీరల వాళ్ళు కూడా ముందుకు వంగి కూర్చున్నారు.

ఆఖరిసారి "మన చెయ్యో" అన్నారు. ఆ ఖాళీ వచ్చింది. భానుమతి నడుం బిగిసింది, లేని పట్టా లేచింది. మాట లేదు. హాలంతా ఊపిరి పట్టింది. వెనక నుంచి ఎనిమిది గొంతులు "గట్టిదే" అని పలకడం నువ్వు విన్నావు. నువ్వది వాళ్ళు ఆట చూసి అన్నారనుకున్నావు. నీ కళ్ళు తుడుచుకుంటూ నాతో అన్నావు కూడా, బాబాయి వాళ్ళు ఎంత మంచివాళ్ళని.

మంచివాళ్ళే. కానీ అది కాదు జరిగింది. ఆ ఖాళీలో నాన్న లేచి నిలబడ్డాడు. కుడిచెయ్యి పైకెత్తాడు, యార్డులో ఎత్తినట్టు, వేళ్ళు విడదీసి. నోరు తెరిచాడు. గాలే వచ్చింది. చెయ్యి దించాడు. ఆ చెయ్యి దిగిన క్షణానే ఎనిమిదిమందీ అన్నారు. వాళ్ళు వేదికను చూడడం లేదు, నాన్న చేతినే చూస్తున్నారు. అప్పటికి వాళ్ళకు తెలిసిపోయింది. తెలిసినా, మేటు చెయ్యి దించాక పలకకుండా ఉండడం వాళ్ళకు రాదు. బయటికి వచ్చాక ఒక్కరు కూడా గొంతు ఏమైందని అడగలేదు. బాబాయి మాత్రం, "మేటూ, ఒక్క మాత్ర కూడా తప్పలేదు" అన్నాడు. మాత్ర అన్న మాట నీ గోడ మీద నుంచే నేర్చుకుని ఉంటాడు.

ఇక ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం. హౌరా ప్లాట్‌ఫారం మీద నువ్వు మంచినీళ్ళు పట్టడానికి వెళ్ళినప్పుడు, నాన్న నన్ను దగ్గరికి రమ్మన్నాడు. చెవి పెట్టాను. "ఆడు సేసిందాన్ని ఏటంతారు?" అని అడిగాడు.

"బాలే, నాన్నా" అన్నాను.

తల అడ్డంగా ఊపాడు, రోలు దగ్గర ఊపినట్టే. నా చెవి మళ్ళీ లాక్కుని, ఉన్న గాలంతా కూడదీసుకుని చెప్పాడు.

"బలే."

దిద్దబోయి ఆగిపోయాను. నువ్వు నీళ్ళ సీసాతో వస్తున్నావు, ఆయన నిన్నే చూస్తున్నాడు.

ఆగస్టులో నేను దిద్ది పంపిన ఉత్తరం నీ దగ్గరే ఉందిగా. ఒక రబ్బరు తీసుకుని, ఆ మాట మీద నా ఎర్ర గీత చెరిపెయ్యి. అందులో తప్పులు పదిహేడు కాదు, పదహారే.

నీ అప్ప
డోర్కాస్